ముందు సీటు మధ్య చోటు

డెల్బర్ట్ హ్రూబీ మాట తక్కువ మనిషి. అమెరికాలో చెక్ కుటుంబాలు స్థిరపడ్డ మా నోవాక్ ఊళ్ళో అలాంటివాళ్ళు కొత్త కాదు. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా మొక్కజొన్న చేలల్లో ట్రాక్టరు మీద ఒంటరిగా కూచునేవాళ్ళకు మాట్లాడే అలవాటు పోతుంది. అయినా వాళ్ళు వాన గురించి మాట్లాడతారు. పందుల గురించి మాట్లాడతారు. డెల్బర్ట్ అవి కూడా మాట్లాడేవాడు కాదు. ఎవరైనా "వాన పడేలా ఉందిరా" అంటే తలెత్తి ఆకాశం కేసి చూసేవాడు. చూసి, మళ్ళీ పనిలో పడేవాడు. ఆ చూడటమే జవాబు.

తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. నానమ్మ పెంచింది. ఆవిడ అతని వాటా మాటలు కూడా కలిపి మాట్లాడేది. కోళ్ళతో మాట్లాడేది, పొయ్యితో మాట్లాడేది, కోపమొస్తే చెక్ భాషలో దేవుడితో మాట్లాడేది. ఆ ఇంట్లో ఇంకొకరు మాట్లాడే అవసరం ఉండేది కాదు. డెల్బర్ట్ నేర్చుకోలేదు.

పదహారో ఏట బడి మానేసి సహకార సంఘం గ్యారేజీలో చేరాడు. నేనూ అక్కడే టైర్లకు పంక్చర్లు వేసేవాణ్ణి. పొద్దున్నే ఇద్దరం తలుపులు తెరిచేవాళ్ళం. సాయంత్రం మూసేవాళ్ళం. మధ్యలో నేను మాట్లాడుతూ ఉండేవాణ్ణి. అతనికి విసుగు రాలేదు. నాకూ లోటు తెలిసేది కాదు.

అతనికి పందొమ్మిది వందల యాభై మోడల్ ఫోర్డు కారు ఉండేది. వడగళ్ళు పడి పైకప్పంతా సొట్టలు పోయిన కారు. ఒక రైతు దాన్ని ఎలాగో వదిలించుకోవాలని చూస్తుంటే తెచ్చుకున్నాడు. చలికాలమంతా షెడ్డులో వెల్లకిలా పడుకుని, లోపలి నుంచి చెక్క సుత్తితో ఒక్కొక్క సొట్టే పైకి లేపాడు. ముదురు ఆకుపచ్చ రంగు వేశాడు. వసంతం వచ్చేసరికి ఆ కారు చెరువు నీళ్ళలో చెట్టు నీడలా నిగనిగలాడింది. దానికి వడగళ్ళ దెబ్బ తగిలిందంటే ఎవరూ నమ్మేవారు కాదు.

ఆ రోజుల్లో కారు లేని కుర్రాడు మా ఊళ్ళో ఉన్నట్టే లెక్క కాదు. నాకు కారు లేదు. అందువల్ల వెనక సీట్లలో తిరిగాను, అందరి మాటలూ విన్నాను.

శుక్రవారం, శనివారం సాయంత్రాలు పని. పని అంటే తిరగడం. ఊరికి తూర్పున మిసెస్ యెలినెక్ కార్ల హోటలు. పడమర రైలు పట్టాల పక్కన ధాన్యం గోదాము. మధ్యలో మెయిన్ రోడ్డు. హోటలు దగ్గర బయలుదేరి గోదాము దాకా పోవాలి. అక్కడ తిప్పుకుని మళ్ళీ హోటలు దాకా రావాలి. మళ్ళీ గోదాము. ఎక్కడికి పోతున్నావని ఎవరూ అడగరు. ఎదురొచ్చిన కారుకు స్టీరింగు మీద నుంచి రెండు వేళ్ళు లేపాలి. లేపకపోతే వాడికి కోపమని అర్థం. పెట్రోలు అయిపోయేదాకా, లేదా తండ్రి చెప్పిన వేళ దాటేదాకా అదే. ఆకలేస్తే హోటలు ముందు ఆపుకోవాలి. కారు దిగక్కర్లేదు. అక్కడ పనిచేసే విల్మా వచ్చి అడుగుతుంది, తెచ్చి కిటికీకి పళ్ళెం తగిలిస్తుంది.

అప్పటి కార్లలో ముందు సీటు ఒకటే, బల్లలాగా, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా. స్టీరింగు ఎడమవైపు ఉండేది. ఆ సీటులో ఆడపిల్ల ఎక్కడ కూచుందో ఊరంతా చదివేది. కుడి తలుపుకు ఆనుకుని కూచుంటే ఏమీ లేదు. ఊరికే ఎక్కింది. కాస్త ఇటు జరిగితే ఏదో ఉంది. మధ్యలో, కుర్రాడి భుజానికి భుజం తగిలేలా కూచుందంటే ఇద్దరూ ఒకటి. ఆ పిల్లను ఇంకొకడు డాన్సుకు పిలవకూడదు. మధ్యలో కూచునే పిల్ల ఒకరోజు తలుపు దగ్గర కనిపిస్తే అంతే, అయిపోయింది. చర్చిలో ఫాదరు చదివి వినిపించినా అంత త్వరగా తెలియదు.

విల్మా కూడా సీటు చూసే పళ్ళెం సర్దేది. మధ్యలో కూచున్నవాళ్ళకు ఒకే పొడుగు గ్లాసులో మాల్టు పాలు, పీల్చుకోవడానికి రెండు గొట్టాలు. మిగతావాళ్ళకు ఎవరి గ్లాసు వాళ్ళకు.

ఆర్లిస్ వోండ్రా విత్తనాల కొట్టు గుమాస్తా కూతురు. నవ్వితే రోడ్డు అవతలికి వినబడేది. పుస్తకాల షాపులో పని చేసేది. పుస్తకాలు అమ్మడం తక్కువ, కబుర్లు చెప్పడం ఎక్కువ అని యజమాని నవ్వుతూనే గొణిగేవాడు. ఆ పిల్ల డెల్బర్ట్ కారు ఎలా ఎక్కిందో నాకు తెలుసు. గ్యారేజీ గుమ్మంలో నిలబడి చూశాను.

మార్చి నెల. గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. ఆర్లిస్ తలకు కట్టుకున్న గుడ్డను రెండు చేతులా పట్టుకుని రోడ్డు పక్కన నడుస్తోంది. డెల్బర్ట్ కారు ఆపాడు. దిగాడు. కుడివైపు తలుపు తెరవలేదు. తన తలుపే తెరిచి పట్టుకున్నాడు.

"ఎక్కు" అన్నాడు.

"ఇటు నుంచా?" అంది ఆర్లిస్.

తలూపాడు. ఆ పిల్ల ఒక్క క్షణం అతని మొహం చూసింది. తర్వాత ఒంగి, స్టీరింగు కింద నుంచి జరుగుతూ లోపలికి పోయింది. మధ్య దాకా జరిగి ఆగిపోయింది. అవతలి తలుపు దాకా బోలెడు చోటుంది. జరగలేదు. డెల్బర్ట్ ఎక్కి తలుపేసుకున్నాడు.

అంతే. అతను అడిగినదీ అంతే, ఆమె చెప్పినదీ అంతే. వసంతమంతా ఆ ఆకుపచ్చ కారులో రెండు తలలు దగ్గర దగ్గరగా కనిపించేవి. ఒక తల మాట్లాడుతూ ఉండేది. ఇంకో తల వింటూ ఉండేది.

కారుకు ఒక జబ్బు ఉండేది. గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండేది. దాని కింద నుంచి గేరు పెట్టెకు పోయే కడ్డీలు అరిగిపోయాయి. గోదాము దగ్గర కారు తిప్పేటప్పుడు ఒకటో గేరుకూ రెండో గేరుకూ మధ్య ఇరుక్కుపోయేది. అప్పుడు దిగి, ఇంజను మూత ఎత్తి, కడ్డీలను చేత్తో విడదీయాలి. వెనక కార్ల వరుస నిలబడి హారన్లు కొట్టేది.

"హ్రూబీ, పెళ్ళికూతురు మళ్ళీ అలిగిందా?"

"బతిమాలకురా! ఒక్కటివ్వు!"

"ఆర్లిస్, నువ్వు దిగి తొయ్యి. వాడు లోపల కూచుని మౌనంగా స్టీరింగు పట్టుకుంటాడు!"

ఆర్లిస్ కిటికీలోంచి తల బయటపెట్టి వాళ్ళకు తగిన జవాబులే చెప్పేది. డెల్బర్ట్ చెవులు మాత్రం ఎర్రబడేవి. కోపాన్ని కూడా మాటలతో తీర్చుకోవడం రాని మనిషి ఏం చేస్తాడు? మూత దించి, పోయి కారెక్కేవాడు.

జూన్‌లో అతను ఆ జబ్బు కుదర్చాలని కూచున్నాడు. ఎవరో బొగ్గులారీకి గుద్ది పాత సామాన్ల దుకాణంలో పడేసిన కారు నుంచి గేరు రాడ్డు తెచ్చాడు. అది స్టీరింగు పక్కన ఉండేది కాదు. కారు నేలలోంచి పైకి వచ్చేది. కొనకు నల్లటి గుండ్రటి పిడి. కారు నేలకు కన్నం కోసి, దాన్ని నిలబెట్టి, చుట్టూ తోలు తొడుగు వేశాడు. శుక్రవారం మధ్యాహ్నానికి అయిపోయింది. గ్యారేజీ చుట్టూ ఒక చుట్టు తిప్పి చూపించాడు. గేరు వెన్నలో కత్తి దిగినట్టు పడింది. అతను నా వంక చూసి నవ్వాడు. అతను నవ్వడం అరుదు. నేనూ సంతోషించాను. ఇద్దరం ఆ రాడ్డునే చూశాం. అది నిలబడ్డ చోటును చూడలేదు.

సాయంత్రం వోండ్రా వాళ్ళింటి ముందు కారు ఆపాడు. అలవాటు ప్రకారం దిగి తన తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆర్లిస్ ఒంగి, సగంలో ఆగిపోయింది.

"ఇదేంటి?"

"గేరు."

"గేరని తెలుస్తోందిలే. నేనెక్కడ కూచోను?"

డెల్బర్ట్ ఒంగి చూశాడు. సీటు మధ్యలో, ఆమె మోకాళ్ళు ఉండే చోట, రాడ్డు నిక్కి నిలబడి ఉంది. రాడ్డు కేసి చూశాడు. ఆమె కేసి చూశాడు. 

ఆర్లిస్ నవ్వింది. కారు చుట్టూ తిరిగి వెళ్ళి కుడి తలుపు తీసుకుని కూచుంది. ఆమెకు అప్పటికి కోపం లేదు. ఇద్దరూ మెయిన్ రోడ్డెక్కారు.

ఆ సాయంత్రం నేను గేలార్డ్ లిండ్‌హోమ్ కారు వెనక సీటులో ఉన్నాను. వాళ్ళ నాన్నది ట్రాక్టర్ల వ్యాపారం. గేలార్డ్‌కి ఎరుపూ తెలుపూ కొత్త షెవర్లే ఉండేది. మంచివాడే. తనకు కావలసింది దొరుకుతుందని నమ్మే మనిషి, అంతే తేడా. అతని పక్కన మిలో అని ఒకడు కూచున్నాడు. ఆకుపచ్చ ఫోర్డు మాకు ఎదురొచ్చి దాటిపోయింది.

"చూశావా?" అన్నాడు మిలో.

"ఏంటి?"

"ఆర్లిస్ తలుపు దగ్గరుంది."

గేలార్డ్ అద్దంలో వెనక్కి చూశాడు. "ఉక్కపోస్తోందేమో. గాలి కోసం."

"మొన్న పోయలేదా ఉక్క? పోట్లాడుకున్నార్రా."

"హ్రూబీతో పోట్లాడటమా? వాడు జవాబు చెప్తేగా పోట్లాట!"

ఇద్దరూ నవ్వారు. నేను గేరు సంగతి చెప్పాను. మిలో నా వైపు తిరిగి, "గేరు కోసం ఎవడైనా పిల్లను అవతలికి జరుపుతాడా?" అన్నాడు.  జరిపినవాడు ఒకడున్నాడు, వాడు నాకు తెలుసు. అయినా మిలో మాట విన్నాక నాకే నమ్మకం కుదరలేదు.

రెండో చుట్టుకు కార్లు నెమ్మదించి చూడటం మొదలుపెట్టాయి. మూడో చుట్టుకు ఊరు తేల్చేసింది. డెల్బర్ట్ గోదాము దగ్గర ఎక్కడా ఇరుక్కోకుండా కారు తిప్పాడు. ఎవరూ హారను కొట్టలేదు. గేరు బాగా పడుతోంది కనక అనుకున్నాడట. జాలిపడి కొట్టలేదని అతనికి తట్టలేదు.

హోటలు ముందు ఆపుకున్నారు. మేము వాళ్ళ పక్కనే ఆపాం. విల్మా పళ్ళెం తెచ్చి కిటికీకి తగిలించింది. అందులో రెండు గ్లాసులు.

"ఒకటే చెప్పాం విల్మా" అంది ఆర్లిస్.

"తెలుసే. రెండోది నేనే తెచ్చాను. ఇలాంటప్పుడు ఎవరిది వాళ్ళు తాగడమే మంచిది."

"ఎలాంటప్పుడు?"

విల్మా ఆమె కేసి జాలిగా చూసింది. డెల్బర్ట్ కేసి ఇంకోలా చూసింది. "నాకెందుకులే" అంది.

ఆర్లిస్ అప్పుడు చుట్టూ చూసింది. ప్రతి కిటికీలో ఒక మొహం ఉంది. అన్నీ ఒకేసారి పక్కకు తిరిగాయి. ఆమెకు అర్థమైంది.

"డెల్బర్ట్, చెప్పు వీళ్ళకి."

డెల్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. "గేరు మార్చాను" అన్నాడు.

"గేరు సంగతి ఎవరడిగారయ్యా నిన్ను!" అని విల్మా వెళ్ళిపోయింది.

ఆర్లిస్ అతను ఇంకేదో అంటాడని చూసింది. అతను గొట్టం నోట్లో పెట్టుకుని పాలు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా గొట్టం కాసేపు గురగురలాడింది. ఆర్లిస్ తన గ్లాసు ముట్టుకోలేదు. 

ఆర్లిస్ ఇంటికి వెళ్ళేసరికి తల్లి అరుగు మీద నిలబడి ఉంది. మా ఊళ్ళో ఒకే ఫోను తీగ మీద ఏడెనిమిది ఇళ్ళు ఉండేవి. ఒకరు మాట్లాడితే మిగతావాళ్ళు ఎత్తి వినేవారు.

"ఏమయిందే?"

"ఏమీ కాలేదమ్మా."

"ఏమీ కాకపోతే నలుగురు ఫోను చేసి నాకు ధైర్యం చెప్పడమేంటి?"

"అతను గేరు మార్చాడు."

"మనసు మార్చుకున్నాడని చెప్పడానికి గేరంటావా? మగపిల్లలు వదిలేసేటప్పుడు ఏదో ఒక సాకు చెప్తారు. అతను అది కూడా చెప్పలేదన్నమాట."

తల్లి మాటకు ఆర్లిస్ ఎప్పుడూ ఎదురు చెప్పేది. ఆ రోజు చెప్పలేదు. తర్వాత ఎన్నాళ్ళకో మా ఇంట్లో ఈ మాట వస్తే ఆమే అంది: "మా అమ్మ తప్పే అంది. కానీ అతను నాకేం చెప్పాడా అని వెతుక్కున్నాను. ఎక్కు, గేరు, ఊ. అంతకు మించి దొరకలేదు."

మర్నాడు గేలార్డ్ పుస్తకాల షాపుకు వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వచ్చే శనివారం చెక్ వాళ్ళ సోకోల్ సంఘం హాలులో పోల్కా డాన్సు. దానికి వస్తావా అని అడిగాడు.

"నేను ఖాళీ అని ఎవరన్నారు?" అంది ఆర్లిస్.

"ఎవరూ అనలేదు. చూశాం."

"చూసిందంతా నిజమా?"

"కాకపోతే చెప్పు, వెళ్ళిపోతాను." గేలార్డ్ ఆ మాట మర్యాదగానే అన్నాడు. ఆమె చెప్పలేకపోయింది. శనివారం చెబుతానంది.

సోమవారం ఆమె గ్యారేజీకి వచ్చింది. డెల్బర్ట్ ఒక లారీ కింద దూరి ఉన్నాడు. బూట్లు మాత్రం బయట ఉన్నాయి. ఆర్లిస్ ఆ బూట్ల ముందు నిలబడింది. నేను టైరు మీద ఒంగి, లేనట్టే ఉన్నాను.

"గేలార్డ్ డాన్సుకు రమ్మన్నాడు" అంది బూట్లతో.

బూట్లు కదల్లేదు.

"వింటున్నావా?"

"ఊ."

"నేనేం చెప్పాలి అతనికి?"

కింద పానా జారి ఖంగుమంది. 

"పాత గేరే పెట్టేస్తాను."

"నేను గేరు గురించి అడిగానా?"

"శనివారానికి అయిపోతుంది. మళ్ళీ మధ్యలో కూచోవచ్చు."

"డెల్బర్ట్." ఆమె గొంతు తగ్గింది. "నేను మధ్యలో కూచుంటే అది ఊరికి చెప్పినట్టు. ఊరికి తెలుసు. మీ నానమ్మకి తెలుసు. విల్మాకి తెలుసు. నాకెవరు చెప్పారు?"

బూట్లు ఒకదాన్నొకటి రాసుకున్నాయి.

"శనివారం సాయంత్రం దాకా చూస్తాను. ఆ తర్వాత గేలార్డ్‌కి సరేనంటాను. బెదిరింపు కాదు. నాకు డాన్సంటే ఇష్టం. అడిగినవాడితో వెళ్తాను."

ఆమె వెళ్ళిపోయింది. నేను లేచి వెళ్ళి బూటును తన్నాను.

"ఒరేయ్, బయటికి రా."

వచ్చాడు. నుదుటి మీద నల్లటి నూనె. కళ్ళు ఆర్పుకుంటూ రోడ్డు కేసి చూశాడు. తర్వాత నన్ను అడిగాడు:

"పాత రాడ్డు ఎక్కడ పడేశాం?"

ఆ వారమంతా అతను ఇనుము వెతికాడు. పాత రాడ్డును ఎవరో రైతు పట్టుకుపోయి వంచి పందుల దొడ్డి తలుపుకు కొక్కెం చేసుకున్నాడు. ఇంకొకటి తెచ్చాడు. అది పొట్టి. దానికి ముక్క అతికాడు. అరిగిన కడ్డీలు మళ్ళీ ఇరుక్కున్నాయి. వాటిని విప్పాడు. గేరు పెట్టె దింపాడు. రోజూ పని అయ్యాక వాళ్ళ షెడ్డులో సుత్తి చప్పుడు వినబడేది. శనివారం మధ్యాహ్నానికి కారు నాలుగు చెక్క దిమ్మల మీద ఉంది. దాని పేగులన్నీ కింద అట్టల మీద పరిచి ఉన్నాయి.

నేను సాయం చేద్దామని వెళ్ళాను. చేయడానికి ఏమీ లేదు. అతను వాటి మధ్య మోకాళ్ళ మీద కూచుని, ఏది ముందో తెలియనట్టు చూస్తున్నాడు.

నానమ్మ కొలాచీలు, గసగసాలు పెట్టిన తీపి రొట్టెలు, గుడ్డలో చుట్టుకుని వచ్చింది. అప్పుడే పొయ్యిలోంచి తీసినవి. షెడ్డంతా తియ్యటి వాసన. ఆవిడ కారును చూసింది, మనవణ్ణి చూసింది.

"దీన్ని కోసుకు తింటావా ఏంటి?"

డెల్బర్ట్ అప్పుడు చెప్పాడు. ఆర్లిస్ ఏమందో, శనివారం దాకా ఎలా ఆగిందో, గేలార్డ్ ఏం అడిగాడో. ముక్కలు ముక్కలుగా, నట్లు ఏరుకుంటున్నట్టు చెప్పాడు. అతను అన్ని మాటలు వరసగా అనగా నేను వినలేదు. నానమ్మ కూడా విని ఉండదు. ఆవిడ మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

"అయితే ఆ పిల్ల అక్కడుంటే నువ్వు ఇక్కడ ఇనుముతో మాట్లాడుతున్నావా?"

"నాకు చెప్పడం రాదు నానమ్మా."

"మరి నోరెందుకిచ్చాడురా దేవుడు? కొలాచీలు తినడానికేనా?"

"ఏమని చెప్పాలి?"

"నాకేం తెలుసు? నేనా దాన్ని కోరుకునేది?" ఆవిడ గుడ్డ మూట నా చేతిలో పెట్టింది. "ముందు లేచి చేతులు కడుక్కో. గోళ్ళు చూడు, బొగ్గు గని నుంచి వచ్చినట్టు."

"కారు లేదు."

"కాళ్ళున్నాయిగా!"

అతను కడుక్కున్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. నడిచాడు. నేను వెనకే కొలాచీల మూటతో నడిచాను, ఎందుకో ఇప్పటికీ తెలియదు.

శనివారం సాయంత్రం మెయిన్ రోడ్డు మీద ఆ వయసువాడు నడవడం అంటే, పెళ్ళికి పాత గోనె కట్టుకుని వెళ్ళినట్టు. పొద్దు ఇంకా గోదాము మీదే ఉంది. కార్ల అద్దాలన్నీ ఎర్రగా ఉన్నాయి. ఒక్కొక్కటీ నెమ్మదించింది.

"ఒరేయ్ హ్రూబీ! గుర్రం చచ్చిపోయిందా?"

"ఎక్కరా, వెనక చోటుంది. మధ్యలో కూచోబెడతాలే!"

అతను ఎప్పటిలా రెండు వేళ్ళు లేపాడు. చేతి కింద స్టీరింగు లేదు. వేళ్ళు గాలిలో వింతగా కనిపించాయి.

హోటలు ముందు గేలార్డ్ షెవర్లే నిలబడి ఉంది. లోపల ఆర్లిస్. డాన్సుకు ముందు తినడానికి మాత్రం వస్తాను, డాన్సు మాట తిన్నాక చెబుతాను అందట. కుడి తలుపుకు ఆనుకుని కూచుంది. నీలం గౌను. ఆమెకూ గేలార్డ్‌కూ మధ్య ఎంత చోటుందో చుట్టూ ఉన్న కార్లన్నీ కొలుస్తున్నాయి.

డెల్బర్ట్ నేరుగా ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

గేలార్డ్ అతన్ని చూశాడు. ఏం జరగబోతోందో అతనికి తెలిసింది. కారు తీయాలనుకున్నాడు. తీయడం కుదరదు. అతని వైపు కిటికీకి పళ్ళెం తగిలించి ఉంది. అందులో గ్లాసులు, హాంబర్గర్లు, వేయించిన ఉల్లిపాయ చక్రాలు. పళ్ళెంతో కారు కదిలిస్తే అన్నీ రోడ్డు మీద పడతాయి. అలా చేసినవాణ్ణి ఏడాది పాటు ఊరు ఎగతాళి చేస్తుంది. పళ్ళెం తీసుకుపొమ్మని చెప్పాలంటే ముందు లైట్లు వెలిగించాలి. వెలిగిస్తే విల్మా వస్తుంది.

గేలార్డ్ లైట్లు వేశాడు.

విల్మా గుమ్మంలోనే ఉంది. లైట్లు చూసింది. డెల్బర్ట్‌ను చూసింది. గోడకు ఆనుకుని, వంగి, తన బూటు తాడు విప్పింది. నిదానంగా మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టింది.

గేలార్డ్ లైట్లు ఆర్పి మళ్ళీ వేశాడు. విల్మా రెండో బూటు తాడు విప్పింది.

"చెప్పు" అంది ఆర్లిస్.

డెల్బర్ట్ కిటికీ అంచు పట్టుకున్నాడు. కార్లలో రేడియోలు ఒకటొకటిగా ఆగిపోయాయి. మిసెస్ యెలినెక్ వంటగది కిటికీలోంచి తల బయటపెట్టింది.

"పాత గేరు ఇరుక్కుంటోందని మార్చాను. నిన్ను జరపాలని కాదు."

"అది నాకు తెలుసు. తర్వాత?"

"తర్వాత..." అతని చెవులు ఎర్రబడ్డాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో "ఉష్" అన్నారు. "గేలార్డ్ కారు బాగుంటుంది. కూచోవద్దని నేననను. డాన్సుకు వెళ్ళొద్దని కూడా అనను. నాకు డాన్సు రాదు."

"దాని కోసమేనా అంత దూరం నడిచొచ్చావు?"

"కాదు."

అతను ఆగిపోయాడు. ఇంక మాట రాదేమో అనిపించింది. నేను మూటను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"నాకు నువ్వు కావాలి" అన్నాడు డెల్బర్ట్. "నువ్వు మాట్లాడుతుంటే వినాలని ఉంటుంది. నువ్వు లేనప్పుడు ఏదైనా చూస్తే, నీకు చెప్పాలనుకుంటాను. నువ్వొచ్చాక చెప్పను. ఎందుకో తెలీదు. మార్చిలో చెప్పాననుకున్నాను."

"ఎప్పుడు?"

"తలుపు తెరిచి పట్టుకున్నప్పుడు."

"తలుపు తెరిస్తే తలుపు తెరిచినట్టే డెల్బర్ట్. అందులో నాకేం వినబడుతుంది?"

"వినబడదా?"

"వినబడదు."

అతను తలూపాడు. ఆ సంగతి అతనికి అప్పుడే తెలిసినట్టుంది.

ఆర్లిస్ గేలార్డ్ వైపు తిరిగింది.  "నువ్వు అడిగిన పద్ధతి బాగుంది గేలార్డ్. ఎవరైనా అలాగే అడగాలి. డాన్సుకు నేను రాను."

గేలార్డ్ కాసేపు స్టీరింగు మీద వేళ్ళు ఆడించాడు. "ఉల్లిపాయ చక్రాలు చల్లారిపోతున్నాయి. కనీసం అవి తినేసి వెళ్ళు" అన్నాడు. అతను మంచివాడని ముందే చెప్పాను. ఆమె నిజంగానే ఒకటి తీసుకుని నోట్లో వేసుకుని, తలుపు తీసుకుని దిగింది.

విల్మా తాడు బిగించి లేచి, పళ్ళెం కోసం వచ్చింది.

ఆర్లిస్, డెల్బర్ట్ రోడ్డు పక్కన నడిచారు. చెయ్యీ చెయ్యీ పట్టుకోలేదు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం ఉంది. కార్లు నెమ్మదించి చూసి, ఏమీ తేల్చుకోలేక వెళ్ళిపోయాయి. ఆ ఎడానికి అర్థం ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆర్లిస్ మాట్లాడుతోంది. కొంతసేపటికి డెల్బర్ట్ ఏదో అన్నాడు. ఆమె ఆగి, అతని వైపు తిరిగి, మళ్ళీ అనమంది. అన్నాడు.

వోండ్రా వాళ్ళ ఇల్లు రాకముందే ఆమె అడిగిందట:

"రేపు చర్చిలో పూజ అయ్యాక మా అమ్మ ముందు కూడా చెప్పగలవా?"

"రేపా?"

"రేపే. ఆవిడకు ఫోనులో ముందుగా వినబడకూడదు."

డెల్బర్ట్ ఆలోచించాడు. "నువ్వు పక్కన నిలబడతావా?"

"నిలబడతాను. కానీ నేను అందించను."

ఆదివారం పూజ అయిపోయి జనం చర్చి మెట్ల మీద నిలబడ్డారు. డెల్బర్ట్ టోపీని చేతుల్లో తిప్పుకుంటూ మిసెస్ వోండ్రా ముందుకు వెళ్ళాడు. ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసింది. అతను నోరు తెరిచేసరికి పైన గంట మోగడం మొదలైంది. అతను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని భయం. గంట మోగుతుండగానే అంతా చెప్పేశాడు. పెదవులు కదలడం అందరమూ చూశాం.

గంట ఆగింది.

"ఒక్క ముక్క వినబడలేదు నాయనా" అంది మిసెస్ వోండ్రా.

డెల్బర్ట్ ఆర్లిస్ కేసి చూశాడు. ఆమె మాట ప్రకారం పెదవి కదపకుండా నిలబడింది. అతను టోపీ మెట్టు మీద పెట్టాడు. మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు.